పాఠశాల నుండి విశ్వవిద్యాలయానికి: నూతన విద్యార్థుల సంధిదశలో భాష, పఠనం

వ్యాససంగ్రహం

డిగ్రీ, ఇంజనీరింగ్ కోర్సులలో కొత్తగా చేరిన విద్యార్థులకు తొలి సెమిస్టరులో ఎదురయ్యే ఇబ్బందిని బెరుకుగా, ఇంటిమీది బెంగగా చెప్పుకోవడం పరిపాటి. ఆ రెండూ నిజమే అయినా, తెలుగు రాష్ట్రాలలో ఈ సంధిదశకు మరో ముఖం ఉంది. బోధనమాధ్యమం, ప్రశ్న అడిగే తీరు, పుస్తకం చదివే పద్ధతి ఒక్కసారిగా మారిపోతాయి. ఈ మార్పును దాటించే సహాయం ప్రవేశోత్సవాలకు పరిమితం కాకుండా తొలి సెమిస్టరు పాఠాలలో భాగం కావాలనీ, అందులో తెలుగు తరగతికి ప్రత్యేకమైన పాత్ర ఉందనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: సంధిదశ, బోధనమాధ్యమం, పారిభాషిక పదాలు, ప్రవేశ కార్యక్రమం, తొలితరం విద్యార్థులు

1. ఉపోద్ఘాతం

ఆంధ్రప్రదేశ్‌లో 1969-70లో రెండేళ్ల ఇంటర్మీడియట్ విధానం రాకముందు, పాఠశాలకూ డిగ్రీకీ నడుమ ఒక ఏడాది ప్రీ యూనివర్సిటీ కోర్సు ఉండేది. పి.యు.సి. అనే పేరులోనే దాని ప్రయోజనం తెలుస్తుంది. విశ్వవిద్యాలయం తన విద్యార్థిని తనకు తగినట్లు సిద్ధం చేసుకొనే ఏడాది అది. ఇంటర్మీడియట్ వచ్చాక ఆ బాధ్యత జూనియర్ కళాశాలకు బదిలీ అయింది. కాలక్రమంలో జూనియర్ కళాశాల, ప్రధానంగా విజ్ఞానశాస్త్ర విభాగాలలో, ప్రవేశపరీక్షల శిక్షణ వైపు మొగ్గింది. ఇవాళ్టి ఇంటర్మీడియట్ విద్యార్థి విశ్వవిద్యాలయంలో సీటు సంపాదించడానికి తయారవుతున్నాడు కాని, అక్కడ చదవడానికి తయారు కావడం లేదు.

ఈ రెండూ ఒకటే అనిపించవచ్చు. నివాస కళాశాలలో చదివిన విద్యార్థి దినచర్యను గమనిస్తే తేడా తెలుస్తుంది. ఉదయం లేచింది మొదలు రాత్రి స్టడీ అవర్ ముగిసేవరకు ఏ గంటలో ఏ పాఠం చదవాలో వేరొకరు నిర్ణయిస్తారు. మెటీరియల్ చేతికి వస్తుంది, వారాంతపు పరీక్ష జరుగుతుంది, మార్కులు ఇంటికి చేరతాయి. నాలుగు సమాధానాలలో సరైనదానిని వేగంగా గుర్తించడంలో ఆ విద్యార్థికి గట్టి సాధన ఉంటుంది. రెండేళ్లు ఇలా గడిపిన విద్యార్థి డిగ్రీ కళాశాలలో చేరగానే మధ్యాహ్నం తరువాత ఖాళీ కనబడుతుంది. ఆ ఖాళీ చదువుకొనేందుకే ఉన్నదని అతనికి ఎవరూ చెప్పరు. ఆంధ్రప్రదేశ్‌లో 2015-16 నుండి, తెలంగాణలో 2016-17 నుండి డిగ్రీలో అమలవుతున్న క్రెడిట్ విధానంలో సాధారణంగా వారానికి ఒక గంట బోధనకు ఒక క్రెడిట్ లెక్కిస్తారు. ఆ గంటకు తోడుగా విద్యార్థి తనంతట తాను చదువుకోవలసిన సమయం టైంటేబుల్‌లో కనిపించదు. అక్కడ కనిపించనిది లేదనుకోవడం ఇంటర్మీడియట్ నేర్పిన అలవాటు.

2. మూడు వారాల పరిచయం

ఈ సమస్యను ఉన్నతవిద్యా సంస్థలు గుర్తించలేదనడం న్యాయం కాదు. గాంధీనగర్ ఐఐటీ 2011లోనే ఐదు వారాల పునాది కార్యక్రమాన్ని ప్రారంభించి, అది ముగిసిన తరువాతే మామూలు తరగతులు మొదలుపెట్టింది. హైదరాబాదులోని ట్రిపుల్ ఐటీ మానవీయ విలువల పాఠాన్ని తప్పనిసరి చేసి, విద్యార్థులను చిన్న బృందాలుగా అధ్యాపకులకు అప్పగించే పద్ధతిని అనుసరించింది. ఇటువంటి అనుభవాల ఆధారంగా అఖిల భారత సాంకేతిక విద్యామండలి ఇంజనీరింగ్ కళాశాలలకు మూడు వారాల ప్రవేశ కార్యక్రమాన్ని నిర్దేశించింది. విశ్వవిద్యాలయాల నిధుల సంఘం 2019లో ‘దీక్షారంభ్’ పేరుతో మార్గదర్శిని వెలువరించింది. వ్యాయామం, కళలు, సాహిత్యం, ప్రముఖుల ఉపన్యాసాలు, పరిసర ప్రాంతాల సందర్శన, భాషలోనూ కంప్యూటర్ వాడకంలోనూ వెనుకబడినవారికి ప్రత్యేక పాఠాలు ఈ కార్యక్రమాలలో ఉన్నాయి. ఇరవైమంది విద్యార్థులకు ఒక అధ్యాపకుడు మార్గదర్శిగా ఉండాలన్న ఆలోచన వీటిలో అన్నిటికన్నా విలువైనది.

ఆచరణలో మొదట నిలిచేవి ఉపన్యాసాలు, మొదట జారిపోయేవి చిన్న బృందాలు. వందలమందిని ఒక సభామందిరంలో కూర్చోబెట్టడం సులభం. ఇరవైమందితో వారానికోసారి కూర్చోవడానికి అధ్యాపకుని పనిగంటలలో చోటు కల్పించాలి. అన్నీ సక్రమంగా జరిగిన చోట కూడా ఈ కార్యక్రమానికి ఒక సహజమైన పరిమితి ఉంది. పాఠం మొదలు కాకముందే అది ముగిసిపోతుంది. విద్యార్థికి తన అసలు ఇబ్బంది ఏమిటో తెలిసేది నాలుగో వారంలో, మొదటి అధ్యాయం సగం దాటిన తరువాత. అప్పటికి తోరణాలు విప్పేసి ఉంటారు.

3. తెలిసిన విషయం, తెలియని పేరు

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2021-22 విద్యాసంవత్సరం నుండి డిగ్రీ కోర్సులను ఆంగ్లమాధ్యమంలోనే నిర్వహించాలని నిర్ణయించింది. అదే సంవత్సరం సాంకేతిక విద్యామండలి తెలుగు సహా కొన్ని భారతీయ భాషలలో ఇంజనీరింగ్ బోధనకు అనుమతినిచ్చింది. రెండు నిర్ణయాలు ఎదురెదురుగా నడుస్తున్నా, తెలుగుమాధ్యమంలో చదివి వచ్చిన విద్యార్థులలో ఎక్కువమంది తొలిరోజు కూర్చొనేది ఆంగ్లమాధ్యమ తరగతిలోనే.

ఆ విద్యార్థికి ‘వక్రీభవనం’ తెలుసు. కాంతి ఒక యానకం నుండి మరొక యానకంలోకి పోతున్నప్పుడు వంగుతుందన్న భావం ఆ మాటలోనే ఉంది. ‘రిఫ్రాక్షన్’ అనే మాట అతనికి అలాంటి ఆధారాన్ని ఇవ్వదు. అదేవిధంగా ద్రవాభిసరణం తెలిసినవానికి ఆస్మాసిస్, జడత్వం తెలిసినవానికి ఇనర్షియా, డిమాండ్ వ్యాకోచత్వం తెలిసినవానికి ఎలాస్టిసిటీ కొత్త విషయాలుగా తోస్తాయి. అధ్యాపకుడు పాతపాఠాన్నే గుర్తుచేస్తున్నాడు. విద్యార్థి మాత్రం అది తాను ఎన్నడూ చదవని పాఠమనుకొని బెదురుతున్నాడు. ‘పునాది లేదు’ అని అధ్యాపకులు తరచుగా అనే మాటలో కొంత భాగం ఇటువంటి అపోహే. పునాది ఉంది, దానిమీద వేరే భాషలో పేరు రాసి ఉంది.

పారిభాషిక పదాలు నిజానికి సులభమైన భాగం. తెలుగు అకాడమీ 1968లో ఏర్పడినప్పటి నుండి ప్రచురించిన పాఠ్యపుస్తకాలు, పారిభాషిక పదకోశాలు ఈ జంటపదాలను ఎప్పుడో సమకూర్చాయి. ప్రతి అధ్యాయానికి ముందు పదిహేను, ఇరవై మాటల పట్టికను నల్లబల్లపై రాస్తే ఈ అడ్డంకి చాలావరకు తొలగుతుంది. తెలిసిన మాటలే మారు అర్థంలో వచ్చినప్పుడు చిక్కు పెరుగుతుంది. ‘నార్మల్’ అంటే మామూలు అని విద్యార్థికి తెలుసు. భౌతికశాస్త్రంలో అది తలానికి గీసిన లంబం. అర్థం తెలుసుననే నమ్మకంతో అతడు నిఘంటువు తెరవడు.

అంతకన్నా లోతైనది వాక్యనిర్మాణం. తెలుగులో షరతు క్రియ చివర చేరుతుంది. ‘అయితే’కూ ‘అయితేనే’కూ నడుమ ఉన్న తేడా ఒక్క అక్షరమే అయినా, ఏ తెలుగు పిల్లవాడూ దానిని పొరబడడు. ఇంగ్లీషులో ఆ షరతు ఉపవాక్యం ముందు విడిమాటగా నిలుస్తుంది. గణితసిద్ధాంతంలో వచ్చే ‘ఇఫ్ అండ్ ఓన్లీ ఇఫ్’ అనే పదబంధాన్ని విద్యార్థి ఒక అలంకారంగా దాటవేస్తాడు. దాన్ని ‘అయితే, అయితేనే’ అని ఒక్కసారి విప్పి చెబితే, సిద్ధాంతాన్ని రెండు వైపుల నుండీ ఎందుకు నిరూపించాలో తెలుగు వ్యాకరణమే చెబుతుంది. ‘అన్‌లెస్’, ‘వేర్‌ఆజ్’, ‘ప్రొవైడెడ్ దట్’ వంటి మాటల సంగతీ ఇంతే. వీటిని ఏ శాస్త్ర పదకోశమూ ఇవ్వదు, ఏ అధ్యాపకుడూ తన పాఠంలో భాగమనుకోడు.

భాషావేత్త జిమ్ కమిన్స్ 1979లో సంభాషణలో చూపే నైపుణ్యానికీ చదువుకు అవసరమయ్యే భాషానైపుణ్యానికీ తేడాను ప్రతిపాదించాడు. మొదటిది త్వరగా అలవడుతుంది, రెండవదానికి ఏళ్లు పడతాయి. మాతృభాషలో బలపడిన విద్యానైపుణ్యం రెండవ భాషకు సంక్రమిస్తుందని కూడా ఆయన వాదించాడు. ప్రవేశ కార్యక్రమాలలోని ఆంగ్ల పాఠాలు తరచు స్పోకెన్ ఇంగ్లీషుగా మారిపోవడంలోని లోపం ఇక్కడ బయటపడుతుంది. బస్టాండులో దారి అడగడం నేర్చిన విద్యార్థికి పాఠ్యపుస్తకంలోని పేరా అర్థం కాకపోవడంలో వింత లేదు.

4. తెలుగు తరగతి చేయగలిగినది

తొలి సెమిస్టర్లలో ద్వితీయభాషగా తెలుగు చదివే విద్యార్థులు పెద్దసంఖ్యలో ఉన్నారు. వారిలో కొందరు ఇంటర్మీడియట్‌లో మార్కులకోసం సంస్కృతం తీసుకొని, రెండేళ్లపాటు తెలుగులో ఒక్క పేజీ కూడా రాయకుండా వచ్చినవారు. వారికి ఆంగ్లం ఇంకా పట్టుబడలేదు, తెలుగు రాత చేజారింది. ఈ స్థితి ఆంగ్లమాధ్యమం నుండి వచ్చినవారికీ వర్తిస్తుంది కనుక, సంధిదశ సమస్యను తెలుగుమాధ్యమం వారి లోపంగా మాత్రమే చూడటం సరికాదు.

ప్రతిపదార్థాలు, సందర్భసహిత వ్యాఖ్యలు, కంఠస్థమైన కవిపరిచయాలతో సాగే తెలుగు తరగతి ఇంటర్మీడియట్‌కు కొనసాగింపే అవుతుంది. అదే తరగతిలో విశ్వవిద్యాలయ పఠనానికి కావలసిన పనిముట్లను అందించవచ్చు. భాష అడ్డు రాని ఒకే ఒక తరగతి అది. ఒక వ్యాసాన్ని చదివి దాని వాదాన్ని ఐదు సొంత వాక్యాలలో చెప్పడం, రచయిత చెప్పినదానినీ తాను అనుకుంటున్నదానినీ వేరుచేసి రాయడం, ఒక అభిప్రాయాన్ని ఎక్కడినుండి తీసుకున్నదీ పేర్కొనడం, పుస్తకం చివరి పదసూచిక సహాయంతో కావలసిన పేజీకి చేరడం వంటివి తెలుగులో నేర్చుకున్న విద్యార్థి చరిత్ర, వృక్షశాస్త్ర పాఠాలలోనూ వాడుకుంటాడు.

ప్రశ్నపత్రం చివర ఉండే క్రియలపై కూడా ఒక తరగతి వెచ్చించవచ్చు. ‘వివరించండి’, ‘పోల్చండి’, ‘చర్చించండి’, ‘విమర్శనాత్మకంగా పరిశీలించండి’ అనే నాలుగింటికీ కొత్త విద్యార్థి ఒకే సమాధానం రాస్తాడు. వివరించమన్నప్పుడు తెలిసినది చెబితే చాలు. చర్చించమన్నప్పుడు కనీసం రెండు పక్షాలు నిలబెట్టాలి. ఒకే పాఠంపై, ఉదాహరణకు గిడుగు వెంకట రామమూర్తి నడిపిన వ్యావహారిక భాషోద్యమంపై, ఈ నాలుగు ప్రశ్నలూ ఇచ్చి నాలుగు వేర్వేరు సమాధానాలు రాయిస్తే ఆ తేడా అనుభవానికి వస్తుంది. గ్రాంథికవాదుల పక్షాన కూడా బలమైన వాదన ఉండేదని తెలియకుండా ఆ చర్చ సాధ్యం కాదు.

5. ఇల్లు, పత్రాలు, నాలుగో వారం

విద్యార్థులు చదువు మధ్యలో మానివేయడంపై పరిశోధించిన విన్సెంట్ టింటో, మానవశాస్త్రవేత్త వాన్ జెనెప్ వర్ణించిన సంస్కారదశలను విశ్వవిద్యాలయ ప్రవేశానికి అన్వయించాడు. పాత సమాజం నుండి విడిపోవడం, నడిమి దశ, కొత్త సమాజంలో కలిసిపోవడం ఆ మూడు దశలు. దీనిని విలియం టియర్నీ 1992లో తీవ్రంగా విమర్శించాడు. సంస్కారాలు ఒక సమాజం తన పిల్లలకు తనలోనే జరిపేవి. వేరే సమాజపు పిల్లలను సొంత మూలాలు వదులుకొమ్మనడం సంస్కారం కాదని ఆయన వాదన. అమెరికాలోని ఆదివాసీ విద్యార్థుల గురించి వచ్చిన ఈ విమర్శ ఇక్కడి తొలితరం విద్యార్థులకూ చాలావరకు వర్తిస్తుంది. నాట్ల సమయంలో ఊరికి వెళ్లిన విద్యార్థిని హాజరుపట్టిక గైర్హాజరుగా మాత్రమే గుర్తిస్తుంది. అతడు చదువుపై ఆసక్తి లేక వెళ్లలేదు. ఇంటితో తెగిపోకపోవడమే అతడి చదువును నిలబెడుతూ ఉండవచ్చు.

పదో తరగతి ముగియగానే గ్రామీణ విద్యార్థులను చేర్చుకొనేందుకు 2008లో ఏర్పడిన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం ఈ సందర్భంలో గమనింపదగినది. బాసర, నూజివీడు, ఇడుపులపాయ ప్రాంగణాలలో మొదలైన ఆరేళ్ల సమీకృత కోర్సులో తొలి రెండేళ్లకు పి.యు.సి. అనే పేరే పెట్టారు. సంధిదశను విశ్వవిద్యాలయం మళ్లీ తన బాధ్యతగా తీసుకొన్న అరుదైన ఉదాహరణ ఇది. మాధ్యమం మారిన విద్యార్థికి మూడు వారాలకు బదులు రెండేళ్లు దొరుకుతాయి. పదిహేనేళ్ల వయసులోనే ఇల్లు విడవడం దానికి చెల్లించే మూల్యం.

తొలితరం విద్యార్థికి పత్రాల పని కూడా ఒక పాఠమే. కుల, ఆదాయ ధ్రువపత్రాలు, బదిలీపత్రం, ఆధార్‌తో ముడిపడిన బ్యాంకు ఖాతా, తెలంగాణలో ఈ-పాస్, ఆంధ్రప్రదేశ్‌లో జ్ఞానభూమి నమోదు, ఇవన్నీ తొలి నెలల్లోనే మీదపడతాయి. ఇంట్లో ఎవరికీ ఈ దారి తెలియదు. మీసేవ కేంద్రం దగ్గర గడిచిన మూడు రోజులలో మూడు ముఖ్యమైన పాఠాలు దాటిపోతాయి. కళాశాల ఒక గదిలో ఇద్దరు సీనియర్ విద్యార్థులను కూర్చోబెట్టి ఈ దరఖాస్తులు నింపడంలో సాయం చేయిస్తే, కొత్తవారికి సీనియర్లతో మొదటి పరిచయం భయంతో కాక పనితో మొదలవుతుంది.

ఇక సమయం సంగతి. తొలి మధ్యంతర పరీక్షతోనే విద్యార్థి స్థితి బయటపడేటట్లయితే, అప్పటికి సెమిస్టరు సగానికి వచ్చి ఉంటుంది. సాధారణంగా కోరే 75 శాతం హాజరు లెక్క తేలేది ఇంకా ఆలస్యంగా. నాలుగో వారంలో ప్రతి పాఠ్యాంశంలోనూ ఒక్క పేజీ రాతపని ఇచ్చి, మార్కులు వేయకుండా, వ్యాఖ్యలతో వారంలోపల తిరిగి ఇవ్వడం కష్టమైన ఏర్పాటు కాదు. ఆ కాగితం ఇవ్వని విద్యార్థి ఎవరో మార్గదర్శి అధ్యాపకునికి అదే రోజు తెలియాలి. ఇరవైమందిలో ఒకరి కాగితం రాలేదంటే హాస్టల్ గదికి వెళ్లి అడగవచ్చు, లేదా ఇంటికి ఫోను చేయవచ్చు. రెండువందలమందిలో ఒకరి కాగితం రాకపోతే ఆ సంగతి ఎవరి దృష్టికీ రాదు.