అరవై లక్షలంటే ఎంత, టీచర్?

అమెరికాలోని టెనసీ రాష్ట్రంలో విట్‌వెల్ చాలా చిన్న ఊరు. అక్కడంతా ఇంచుమించు ప్రొటెస్టెంట్ క్రైస్తవులే. 1998లో అక్కడి మిడిల్ స్కూల్ ప్రిన్సిపాల్ లిండా హూపర్ పిల్లలకు హోలోకాస్ట్ పాఠాలు మొదలుపెట్టించారు. హిట్లర్ నాజీలు 60 లక్షల మంది యూదులను చంపారని చెబితే, అంతమంది అంటే ఎంత అన్నది పిల్లలకు అంతుపట్టలేదు. అంకెతో సరిపెట్టుకోక, ఏదైనా పోగుచేసి చూస్తామని పిల్లలే అడిగారు. యుద్ధకాలంలో నార్వే ప్రజలు నాజీలకు నిరసనగా కోటుకు పేపర్ క్లిప్ పెట్టుకునేవారు. అందుకే మనిషికొక క్లిప్! చివరికి 3 కోట్లకు పైగా వచ్చాయి. ఆ కాలపు జర్మన్ రైలుపెట్టె ఒకటి తెచ్చి, 1 కోటి 10 లక్షల క్లిప్పులు అందులో ఉంచి 2001లో స్మారకం చేశారు. టీచరుకు శాలువా కప్పాలంటే ఇలాంటి పాఠానికి కప్పాలి.

హేబెలు ఒక్కడే, అయినా అతని రక్తం మొర దేవుడు విన్నాడు (ఆది 4:10). అలాంటి రైళ్లు నడిపినవారిలో బాప్తిస్మం పొందినవారెందరో! 1543లో మార్టిన్ లూథర్ యూదులపై రాసిన ద్వేషపు రాతలను సెమినరీలో మేము త్వరగా దాటేశాం. ఆ పిల్లలు దాటెయ్యలేదు.

క్లిప్పులతోపాటు జర్మనీ బడిపిల్లలు ఒక సూట్‌కేసు పంపారు. దాన్నిండా అన్నే ఫ్రాంక్‌కు రాసిన క్షమాపణ ఉత్తరాలు.