చలికాలపు ఆకాశంలో చిన్న విమానం

పుష్యమాసపు వేకువలో దుర్గం చెరువుపై పరచుకొన్న పొగమంచు మనకు కన్నుల పండువు. హైటెక్ సిటీ సౌధాలు పాలసముద్రంలో నిలిచిన ఓడల వలె తోస్తాయి. కాని అదే వేళ బేగంపేటలో చిన్న విమానం నడపడం నేర్చుకొనే విద్యార్థికి ఆ మంచు ఒక పరీక్ష. 2008 మార్చిలో ప్రయాణిక విమానాలు శంషాబాదుకు తరలిన పిమ్మట కూడ బేగంపేటలో వైమానిక శిక్షణ సాగుతూనే వచ్చింది.

మొదట ఆనందాన్ని గురించి చెప్పుకొందాం. చల్లని గాలికి సాంద్రత ఎక్కువ. పీడనం ఒకటే అయినప్పుడు 40 డిగ్రీల వేసవి గాలి కంటె 15 డిగ్రీల గాలి సాంద్రత 8 శాతానికి పైగా అధికం. అందువల్ల రెక్కలకు పైకెత్తే బలమూ, ఇంజనుకు శక్తీ పెరుగుతాయి. విమానం కొద్ది దూరం పరుగెత్తగానే నేలను విడుస్తుంది. కాగిన నేలనుండి లేచే వేడిగాలుల కుదుపులు ఉదయాన ఉండవు గనుక, ప్రయాణం నిండు చెరువుపై పడవ సాగినట్లుంటుంది.

ఇక కష్టాలు. మబ్బులేని రాత్రి నేల తన వేడిమిని త్వరగా కోల్పోతుంది. దానినంటిన గాలిలోని తేమ పొగమంచవుతుంది. పైనున్న వెచ్చని గాలి మూతవలె నిలువగా, నగరపు పొగ కూడ కిందనే చిక్కుకొంటుంది. చిత్రమేమంటే, పలుచని మంచు గుండా పైనుండి నిట్టనిలువుగా చూస్తే రన్‌వే చక్కగా కనిపిస్తుంది. దిగేవేళ చూపు ఏటవాలుగా ఎంతో మంచును దాటవలసి రాగా, అదే రన్‌వే మాయమవుతుంది! కంటిచూపుపై ఆధారపడి ఎగిరేవారికి సాధారణంగా 5 కిలోమీటర్ల మేర స్పష్టంగా కనిపించాలన్న నియమం విలువ ఇక్కడ తెలుస్తుంది.

రెండవ గండం కార్బురేటరులో ఉన్నది. సెస్నా 152 వంటి శిక్షణ విమానాలలో పెట్రోలు ఆవిరి అవుతూ గాలిలోని వేడిమిని గ్రహిస్తుంది. అక్కడి ఉష్ణోగ్రత 20 డిగ్రీలకు పైగా పడిపోవచ్చు. కనుక బయట 15 డిగ్రీలున్నా, లోపల తేమ గడ్డకట్టి ఇంజనుకు ఊపిరాడనీయదు. అప్పుడు వేడిగాలిని లోనికి పంపే మీటను లాగాలి. కరిగిన నీరు లోనికి పోయే క్షణాన ఇంజను మరింత తడబడుతుంది. బెదరి మీటను వెనుకకు నెట్టినవారు ప్రమాదాన్ని కొనితెచ్చుకొంటారు. నిబ్బరంగా ఉన్నవారు గట్టెక్కుతారు.

మంచుకు మాత్రం మీట లేదు. ప్రొద్దెక్కి నేల వెచ్చబడేదాకా వేచి ఉండవలసిందే. సిద్ధంగా ఉన్న విమానం పక్కనే నిలిచి, ఇప్పుడు ఎగరరాదని నిశ్చయించుకొనడానికి ధైర్యం కావాలి. దానినే మనం ఉర్దూలో సబ్ర్ అనీ, తెలుగులో ఓర్పు అనీ అంటున్నాం. పైలట్ ప్రాణాన్ని కాపాడేది తరచుగా అదే.