బడిపిల్లల బట్టలకు కొలతలు

ప్రత్తిపాడు పేరులోనే ప్రత్తి యున్నది. గుంటూరు మండలమందలి యీ నల్లరేగడి నేల ప్రత్తిని, మిరపను పండించి దేశదేశముల గిడ్డంగులను నింపుచున్నది. అట్టి సీమయందలి బడిపిల్ల భుజములు జారిన చొక్కాతోనో, చంకలు పట్టిన చొక్కాతోనో బడికేగుట మనకు గౌరవమగునా?

లోపము గుడ్డలో లేదు; కొలతలో నున్నది. కుట్టి యమ్ము దుస్తులకు వయస్సును బట్టి చీటీలు కట్టుట వాడుకయైనది. కాని వయస్సు దేహమునకు కొలబద్ద కాజాలదు. బాలికలు సామాన్యముగా పది, పండ్రెండేండ్ల నడుమ త్వరితముగా నెదుగుదురు. బాలురకు ఆ యెదుగుదల సుమారు రెండేండ్లు వెనుకగా వచ్చును. కావున ఏడవ తరగతిలో నొక్క బల్లపై గూర్చుండు ఇరువురి నడుమ జానెడు పొడవు భేదముండుట వింత కాదు.

ఈ సంగతిని అమెరికావారు ఎన్నడో గ్రహించిరి. అచ్చటి వ్యవసాయశాఖకు చెందిన గృహ ఆర్థిక విభాగమువారు 1937 మొదలు 1939 వరకు సుమారు 1,47,000 మంది బాలబాలికలను, ఒక్కొక్కరికి 36 కొలతల చొప్పున, కొలచి 1941లో ఫలితములను ప్రకటించిరి. దుస్తుల పరిమాణమునకు వయస్సు కంటె పొడవు నమ్మదగిన యాధారమని తేలినది. ఐరోపా ప్రమాణమునందు నేడు పిల్లల దుస్తులకు పొడవునే అంకెగా వేసి, 6 సెంటీమీటర్లకొక మెట్టు కట్టుచున్నారు.

మన దేశమున నిఫ్ట్ సంస్థవారు హైదరాబాదు, చెన్నపట్టణములతో గూడ ఆరు నగరములలో 25,000 మందిని యంత్రములతో కొలచి భారతీయుల పరిమాణములు నిర్ణయింప బూనుట మిక్కిలి శ్లాఘనీయము. కాని ఆ కొలతలు 15 మొదలు 65 ఏండ్ల వారికే. ప్రాథమిక పాఠశాలల పిల్లలు ఆ లెక్కలోనికి రాలేదు. పరుల కొలతలకు మన బిడ్డలు ఎంతకాలము సర్దుకొనవలయును?

ఆంధ్రప్రదేశమునందు 2020 అక్టోబరులో మొదలిడిన విద్యాకానుకలో మూడు జతల గుడ్డ నిచ్చి, కుట్టుకూలిని తల్లుల ఖాతాలలో వేసిరి. బూట్ల కొరకు పిల్లల పాదములు కొలచిరి. తెలంగాణమున 2024లో కుట్టుపనిని మహిళా సంఘముల కప్పగించిరి. పాదమును కొలచిన బడి యెత్తును, ఛాతిని, నడుమును, పిరుదులను కొలువలేదా? తరగతిని బట్టి గుడ్డను కత్తిరించినచో పొడవరికి చాలదు, పొట్టివానికి మిగిలి వ్యర్థమగును.

"ఎదిగే పిల్లలు, వదులుగానే యుండనిండు" అని తల్లు లందురు. ఆ మాటయందు సంసారపు పొదుపున్నది, త్రోసివేయరాదు. అందుకు ఉపాయము భుజములను వదులు చేయుట కాదు. అంచున రెండంగుళములు మడిచి కుట్టి, పిల్ల యెదిగిన కొలది విప్పుట. ఇది మన దర్జీ లెల్లరు నెరిగిన పనియే.

బడి తెరచిన నెలలో ప్రతి బిడ్డను టేపుతో కొలువవలయును. బాలికలను ఉపాధ్యాయినులే కొలువవలయును. పేర్లు విడిచి, అంకెలను మాత్రము మండలమువారీగా కూర్చి, పరిమాణముల పట్టికను దర్జీలకును, మహిళా సంఘములకును అందింపవలయును. ఇందుకు యంత్రములక్కరలేదు, ఒక టేపు, ఒక పుస్తకము, రెండు దినముల శ్రద్ధ చాలును.

భూవసతి గల పెద్దలు, పురప్రముఖులు ఏటేట బీదపిల్లలకు బట్టలు పంచుచున్నారు. ఈ యేడు పంచుటకు ముందు కొలిపింపుడని మా మనవి. ఒంటికి సరిపడని బట్ట నిచ్చినచో దానము జరిగినట్లే గాని బిడ్డ మానము గాచినట్లు కాదు.