మట్టికి పట్టించిన గ్యాస్ ఎటు పోతుంది?

మట్టిలోని తెగుళ్లు, నులిపురుగులు చావాలని ఒకప్పుడు మిథైల్ బ్రోమైడ్ గ్యాస్ పట్టించేవాళ్లు. అది ఓజోన్ పొరను దెబ్బతీస్తుందని మాంట్రియల్ ఒప్పందం గడువులు పెట్టింది: ధనిక దేశాలకు 2005, మనలాంటి దేశాలకు 2015.

బదులుగా వాడే మందుల్లో మెటామ్ సోడియం ఒకటి. తడి మట్టిలో అది ఘాటైన వాయువుగా మారుతుంది. ఓజోన్‌కు ముప్పు లేదు. కానీ నేల వేడెక్కి ఆరిపోతే, పైన కప్పు లేకపోతే గాల్లోకి లేచి పక్కవాళ్ల కళ్లు మండిస్తుంది. నీళ్లలో కలిస్తే? 1991లో కాలిఫోర్నియాలో రైలు ట్యాంకర్ పడి ఈ మందు శాక్రమెంటో నదిలో కలిసింది. సుమారు 60 కిలోమీటర్ల మేర చేపలు చచ్చిపోయాయి.

మనకేమో మే ఎండ ఉచితం! నారుమడి తడిపి, ట్రాన్స్‌పరెంట్ పాలిథిన్ కప్పి, అంచులు మట్టితో మూసి 4 నుంచి 6 వారాలు వదిలేయండి. ఆ వేడికే చాలా తెగుళ్లు చస్తాయి. బావి నీళ్లలోకి విషం దిగదు.