నీలి తెర... నిజాయతీ తెర!

సగం టైపు చేసిన ఉత్తరం సేవ్ చేసేలోపే కంప్యూటర్ తెర నీలంగా మారి అంతా ఆగిపోతే ఒళ్లు మండుతుంది కదూ! (విండోస్ 11లో 2025 నుంచి ఆ తెర నల్లగా మారిందిలెండి.) కానీ కొన్నిసార్లు అలా ఆగిపోవడమే మేలు. ఎందుకంటారా?

2003 మే 18న బెల్జియంలో ఎన్నికలు జరిగాయి. బ్రసెల్స్‌లోని స్కార్‌బేక్‌లో ఒక అభ్యర్థికి రావడానికి వీల్లేనన్ని ఓట్లు వచ్చాయి. మళ్లీ లెక్కపెడితే, ఎక్కువ పడినవి సరిగ్గా 4096! పన్నెండు రెండ్లను వరసగా గుణిస్తే వచ్చే సంఖ్య అది. అంటే మెమరీలో ఒకేఒక్క సున్నా ఒకటిగా మారితే చాలు. అంతరిక్షం నుంచి వచ్చే కాస్మిక్ కిరణాల పనై ఉండొచ్చని నిపుణులు అనుకున్నారు. యంత్రం మాత్రం కిక్కురుమనలేదు. అంకె మరీ అసాధ్యంగా ఉంది కాబట్టి దొరికింది. నమ్మేలా ఉంటే?

సర్వర్లలో వాడే ఈసీసీ మెమరీలో ప్రతి 64 బిట్లకూ మరో 8 బిట్లు కాపలా ఉంటాయి. ఒక బిట్ తప్పితే దిద్దేస్తాయి. రెండు తప్పితే దిద్దలేవు కానీ పట్టేస్తాయి. అప్పుడు ప్రాసెసర్ చేస్తున్న పని ఆపి, ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయలాంటి కెర్నల్‌ని పిలుస్తుంది. కీబోర్డూ, మౌసూ కూడా ఇలాగే పిలుస్తుంటాయి. వాటిని కాసేపు ఆగమనొచ్చు. 'మెషిన్ చెక్' అనే ఈ పిలుపుని మాత్రం అలా పక్కన పెట్టడం కుదరదు.

పాడైంది ఎక్కడో కెర్నల్ చూస్తుంది. ఖాళీ చోటైతే ఇక ఎవరూ వాడకుండా మూసేస్తుంది. ఏదో ప్రోగ్రామ్‌దైతే ఆ ఒక్కదాన్నే ఆపేస్తుంది. లినక్స్‌కి ఈ విద్య 2009లో అబ్బింది. కెర్నల్ సొంత చోటే పాడైతే? తన లెక్కలు తనకే నమ్మకం లేవు. తప్పుడు అంకె డిస్కులోకి ఎక్కకుండా మొత్తం ఆపేస్తుంది.

ఎందుకొచ్చిందో తెలియని పిలుపు వస్తే లినక్స్ ఏం రాస్తుందో తెలుసా? బుర్ర తిరిగిపోతోంది, అయినా ముందుకెళ్లడానికి ప్రయత్నిస్తున్నా అని!

ఇదేమంత అరుదు కాదు. గూగుల్ సర్వర్ల మీద 2009లో వెలువడిన అధ్యయనంలో ఏడాదికి 8 శాతానికి పైగా మెమరీ కార్డుల్లో పొరపాట్లు కనిపించాయి. ఇంట్లో వాడే పీసీల్లో చాలావాటికి ఈసీసీ మెమరీ ఉండదు. ప్రాసెసర్ మాత్రం తన లోపలి లెక్కల్ని తనిఖీ చేసుకుంటూ ఉంటుంది.

నీలి తెరలన్నీ దీనివల్లే రావు, డ్రైవర్ల లోపాలూ ఉంటాయి. తెరమీద 'వియా అన్‌కరెక్టబుల్ ఎర్రర్' అని కనిపిస్తే మాత్రం ఫిర్యాదు చేసింది హార్డ్‌వేరే. పదేపదే వస్తుంటే ముందు ఫొటోలూ, పిల్లల ప్రాజెక్టులూ మరో డ్రైవ్‌లోకి కాపీ చేసుకుని, ఆ తర్వాతే మెకానిక్‌కి ఫోన్ చేయండి.