పచ్చబొట్టు: క్రైస్తవుల దృక్పథం

ఈజిప్టులో ఎందరో ఖిబ్తీ క్రైస్తవుల కుడి మణికట్టు లోపలివైపు చిన్న సిలువ పచ్చబొట్టు ఉంటుంది. పసివారికి సైతం పొడిపిస్తారు. తౌరాతు దీనిని నిషేధించలేదా అని పాఠకులు అడగవచ్చు.

నిషేధం లేవీయకాండం 19వ అధ్యాయం 28వ వచనంలో ఉంది. మృతుల కోసం ఒళ్లు కోసుకోరాదన్న ఆజ్ఞ పక్కనే ఉంది. అక్కడ వాడిన 'ఖఅఖఅ' అనే హిబ్రూ మాట పాత నిబంధనలో మరెక్కడా రాదు. పోల్చుకోవడానికి రెండో ప్రయోగం లేని మాటకు అర్థం చెప్పడం ఎంత కష్టమో అనువాదకునికే తెలుసు. 1611 నాటి ఆంగ్ల అనువాదకులు 'గుర్తులు' అని సరిపెట్టారు. వారికి 'టాటూ' అన్న మాటే లేదు. అది కుక్ నౌకాయాత్ర (1768–71) తర్వాత పాలినీషియా నుండి ఆంగ్లంలోకి వచ్చింది. తెలుగు బైబిలు మాత్రం 'పచ్చబొట్లు' అని తేల్చివేసింది.

ఈ వచనం చూపి పచ్చబొట్టు వద్దనే క్రైస్తవులు నేటికీ ఉన్నారు. అది అన్యజనుల మృతాచారానికే వర్తిస్తుందని మరికొందరంటారు. ముందరి వచనం గడ్డపు అంచులు తీయవద్దంటుంది. దానిని వదిలి దీనినే పట్టుకోవడం సబబా అని వారి ఎదురు ప్రశ్న. ప్రశ్న గట్టిదే.

ఎనిమిదో శతాబ్దంలో పోపు ప్రతినిధులు ఇంగ్లండులో జరిపిన సభ నియ్యత్‌ను, అంటే సంకల్పాన్ని చూసింది. దేవుని కోసం ఆ నొప్పి భరిస్తే ప్రతిఫలముంది, అన్యమత మూఢాచారంగా పొడిపించుకుంటే లేదు అన్నది.

ఖిబ్తీలకు ఈ వాదాలతో అంతగా పని లేదు. చేతి మీది సిలువ తామెవరో చెబుతుంది. చర్చి ద్వారం దగ్గర గుర్తింపుగానూ పనికివస్తుంది.