ఇంగ్లీషు కథల పుస్తకాలూ, మన ఇంటి తెలుగూ

 

పోయిన నెల తల్లిదండ్రుల సమావేశంలో ఆరో తరగతి పాప వాళ్ళమ్మ లేచి ఒక మాట అడిగింది. "సార్, తెలుగు మీడియంలో చదివితే మా పాపకి ఇంగ్లీషు కథల పుస్తకాలు చదవేకి వస్తుందా? పక్కింటి పిల్లోళ్ళు ఇంత లావు పుస్తకాలు చదువుతా ఉంటే ఇది చూస్తా కూర్చుంటుంది" అని. అప్పటికే గంట కొట్టే సమయమైంది. "వస్తుందమ్మా, భయపడొద్దు" అని ముగించేశాను. ఇంటికి పోయాక అనిపించింది, నేను చెప్పింది ఊరడింపే గానీ జవాబు కాదని. సరైన జవాబు చెప్పాలంటే ఆ పుస్తకాలను నేను ఎట్లా చదివానో చెప్పాలి. అందుకే ఈ నాలుగు మాటలు.

నేనూ తెలుగు మీడియం వాణ్ణే

నేను పుట్టింది హోసూరు పక్క పల్లెలో. ఇంట్లో తెలుగు, సంతలో తమిళం, బెంగళూరు బస్సెక్కితే కన్నడం. ఇంగ్లీషు అంటే పాఠ్యపుస్తకం ఒక్కటే. ప్రశ్నలూ జవాబులూ బట్టీ పట్టడం తప్ప, ఇంగ్లీషులో ఒక కథను కథగా చదివింది లేదు. చదివిందంతా చందమామ, ఆపైన గ్రంథాలయంలో దొరికిన తెలుగు పుస్తకాలు. వాటిలో ఒకటి నండూరి రామమోహనరావు గారి 'కాంచనద్వీపం'. ఓడలు, దొంగలు, ఒంటికాలి వంటవాడు. అది ఇంగ్లీషు కథ అన్న ఆలోచనే నాకు రాలేదు. కథ బాగుంది, చదివాను. అంతే.

బీఎడ్ చదివేటప్పుడు 'ట్రెజర్ ఐలాండ్' చేతికి వచ్చింది. స్కాట్లాండుకు చెందిన రాబర్ట్ లూయీ స్టీవెన్‌సన్ రాసినది, 1883లో పుస్తకంగా వచ్చింది. డిక్షనరీ పక్కన పెట్టుకుని భయంభయంగా మొదలుపెట్టాను. నాలుగు పేజీలకే తెలిసిపోయింది, ఇది నా కాంచనద్వీపమే! జిమ్ అనే కుర్రాడు ఆపిల్ పళ్ళ పీపాలో దాక్కుని దొంగల కుట్ర వినే చోట నాకు తెలియని మాటలు చాలానే ఉన్నాయి. అయినా డిక్షనరీ తెరవలేదు. అక్కడ ఏం జరుగుతుందో నాకు ముందే తెలుసు కాబట్టి మాటలకు అర్థాలు వాటంతట అవే వచ్చి కూర్చున్నాయి.

తల్లిదండ్రులు గమనించవలసిన మొదటి సంగతి ఇదే. సొంత భాషలో తెలిసిన కథ పరాయి భాషలో మన చెయ్యి పట్టుకుని నడిపిస్తుంది. తెలుగులో చదివిన రోజులు ఇంగ్లీషుకు నష్టపోయిన రోజులు కావు.

ఈ పుస్తకాలు ఎక్కడ పుట్టాయి?

ఆ తరవాత ఒకటొకటిగా బ్రిటన్ పిల్లల పుస్తకాలు చదువుతూ వచ్చాను. చదివేకొద్దీ ఒక విషయం నన్ను ఆశ్చర్యపరిచింది. వీటిలో చాలావాటిని పుస్తకం వేద్దామని మొదలుపెట్టలేదు. ఎవరో ఒక పెద్దమనిషి, తనకు బాగా తెలిసిన ఒక పిల్లకో పిల్లవాడికో చెప్పిన కథలవి.

'ఆలిస్ ఇన్ వండర్‌లాండ్' రాసిన లూయిస్ కరోల్ అసలు పేరు చార్లెస్ డాడ్జ్‌సన్. ఆక్స్‌ఫర్డ్‌లో లెక్కలు చెప్పేవాడు. 1862 జులై 4న ముగ్గురు అక్కచెల్లెళ్ళతో పడవ షికారుకు పోతూ అప్పటికప్పుడు అల్లి చెప్పిన కథ అది. వాళ్ళలో నడిపిల్ల ఆలిస్, రాసి ఇమ్మని పట్టుబట్టింది. 1865లో పుస్తకమైంది.

బీట్రిక్స్ పాటర్ 1893లో జబ్బుపడి మంచంలో ఉన్న అయిదేళ్ళ పిల్లవాడికి, నోయెల్ అని, బొమ్మలు వేసి ఒక ఉత్తరం రాసింది. పీటర్ అనే కుందేలు పిల్ల కథ అది. తరవాత దాన్ని పుస్తకం వేయమంటే ప్రచురణకర్తలు వద్దన్నారు. 1901లో తన డబ్బుతోనే 250 ప్రతులు అచ్చు వేసుకుంది. మరుసటి ఏడే ఒక ప్రచురణ సంస్థ దాన్ని ప్రచురించింది. 'ది విండ్ ఇన్ ది విల్లోస్' రాసిన కెన్నెత్ గ్రాహమ్ బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండులో పెద్ద ఉద్యోగి. రాత్రిళ్ళు కొడుక్కి చెప్పిన కథలు, ఊళ్ళో లేనప్పుడు ఉత్తరాల్లో రాసిన కథలు 1908లో ఆ పుస్తకమయ్యాయి. స్టీవెన్‌సన్ కాంచనద్వీపం కూడా అంతే. 1881లో ఇంట్లో పిల్లవాడితో కలిసి సరదాగా గీసిన ఒక దీవి పటం నుంచి మొదలైంది.

అంటే ప్రపంచమంతా మెచ్చుకునే ఈ పుస్తకాల వెనక బడీ లేదు, పరీక్షా లేదు. ఇంటి భాషలో కథ చెప్పే ఒక పెద్ద, "తరవాత ఏమైంది?" అని అడిగే ఒక పిల్ల. అంతే. అది మన ఇళ్ళల్లోనూ ఉంది. నిన్నమొన్నటి దాకా ఉండేది.

ఒక తోట కథ, ఒక పిల్లవాడి మాట

ఇప్పుడు చెప్పబోయేది కాస్త బరువైన సంగతి. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఏడో తరగతి పిల్లవాణ్ణి "నీ పుస్తకం ఏదిరా?" అని అడిగాను. "ఇంటి తావ ఉండాది సార్" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. "ఉండాది ఏందిరా? ఉంది అనాల. ఇదేం తెలుగు?" అని క్లాసంతా నవ్వేటట్టు వెక్కిరించాను. పిల్లలు నవ్వారు. వాడు కూర్చున్నాడు. ఆ ఏడంతా వాడు మళ్ళీ చెయ్యి ఎత్తలేదు. మరుసటి ఏడు బడికే రాలేదు. ఇంట్లో కష్టాలు ఉన్నాయని విన్నాను. నా మాట వల్లనే మానేశాడని చెప్పలేను. కానీ నా తరగతిలో వాడు నోరు తెరిచి చెప్పిన ఆఖరి మాట అదే అని మాత్రం నాకు బాగా గుర్తు.

అది జరిగిన కొన్నేళ్ళకు బెంగళూరు అవెన్యూ రోడ్డులో పాత పుస్తకాల దగ్గర 'ది సీక్రెట్ గార్డెన్' దొరికింది. ఫ్రాన్సెస్ హాడ్జ్‌సన్ బర్నెట్ రాసినది, 1911 నాటిది. కథ మొదలయ్యేది మన దేశంలోనే. మేరీ అనే తెల్లదొరల పిల్ల. కలరాలో తల్లీతండ్రీ పోతే, ఇంగ్లండులో యార్క్‌షైర్ అనే చోట మేనత్త భర్త ఇంటికి పంపిస్తారు. ఎవరినీ లెక్కచేయని, ఎవరికీ అక్కరలేని పిల్ల. ఆ ఇంట్లో పదేళ్ళుగా తాళం వేసి ఉన్న ఒక తోట ఉంటుంది. ఆ తోటకు ప్రాణం పోస్తూ ఆ పిల్ల తానూ మనిషవుతుంది.

చదువుతూ ఉంటే పనిపిల్ల మార్తా మాటలూ, దాని తమ్ముడు డికన్ మాటలూ నాకు అర్థం కాలేదు. డిక్షనరీలో చూస్తే లేవు. తెలిసినవారిని అడిగితే, "అది యార్క్‌షైర్ పల్లెల యాస" అన్నారు. నేను నిర్ఘాంతపోయాను. ఇంగ్లీషు అంటే ఒకటే అనుకున్నానే! వాళ్ళకూ పల్లె యాస ఉందా? ఉంటే దాన్ని ఇంత పేరున్న పుస్తకంలో దిద్దకుండా అచ్చు వేశారా?

ఇంకా ముందుకు పోతే, ఆ ఇంటి పెత్తందారు మార్తాను ముందే హెచ్చరించి ఉంటుంది, నీ యాసలో మాట్లాడితే చిన్నమ్మకు అర్థం కాదు జాగ్రత్త అని. కానీ జరిగింది వేరు. మేరీయే ఆ యాస నేర్చుకుంటుంది. డికన్‌తో స్నేహం చేయాలనుకున్నప్పుడు వాడి భాషలోనే అడుగుతుంది. మంచం దిగని మేనత్త కొడుకు కోలిన్‌ను నవ్వించడానికి కూడా ఆ యాసలోనే మాట్లాడుతుంది. ఆ పుస్తకంలో ప్రేమగా చెప్పవలసిన మాటలు ఎక్కువగా ఆ పల్లె యాసలోనే వస్తాయి.

ఆ పేజీ దగ్గర పుస్తకం మూసేశాను. 'ఉండాది' గుర్తొచ్చింది. మా అమ్మ కూడా 'ఉండాది' అనే అనేది. నేను తరగతిలో వెక్కిరించింది మా అమ్మ మాటనే.

పిల్లలూ, పరీక్షలో 'ఉంది' అనే రాయాలి. పుస్తకాల తెలుగు బాగా నేర్చుకోవాలి. అందులో మార్పు లేదు. కానీ ఇంట్లో మాట్లాడే తెలుగు తప్పు తెలుగు కాదు. మేరీ లాగా రెండూ రావాలి. మూడు భాషల మధ్య పెరిగే మీకు అదేం పెద్ద కష్టం కాదు.

కళ్ళు తెరుచుకుని చదవాలి

ఈ పుస్తకాల్లో మెచ్చుకోలేనివీ ఉన్నాయి. అవీ చెప్పాలి. మన దేశంలో మేరీని పెంచిన ఆయా ఉంది. పుస్తకంలో ఆమె దాదాపు ఎక్కడా 'ఆయా' అనే తప్ప పేరుతో కనిపించదు. కలరాతో ఆమె చనిపోతే మేరీ ఏడవదు. మన దేశపు వాళ్ళు మనుషులే కారు, సలాము చేయవలసిన నౌకర్లు అని మేరీ ఒకచోట కోపంతో అరుస్తుంది. మేరీ చాలా విషయాల్లో మారుతుంది గానీ, ఈ మాట తప్పని ఆ పిల్లకు చెప్పేవాళ్ళు మాత్రం రారు. మన దేశమంటే ఎండ, జబ్బు, నీరసం. ఇంగ్లండు అంటే గాలి, వెలుగు, ఆరోగ్యం. మొత్తం కథ అట్లాగే నడుస్తుంది. దొరల పాలన నాటి చూపు అది.

అయితే పిల్లలకు ఇవ్వకూడదా? ఇవ్వాలనే అంటాను. గ్రంథాలయం పీరియడులో ఈ కథ చెప్పినప్పుడు ఒక అమ్మాయి అడిగింది, "సార్, ఆ ఆయాకి పిల్లలు లేరా? వాళ్ళు ఏమైపోయిరి?" అని. అంతమంది చదివిన ఆ పుస్తకంలో ఈ ప్రశ్న లేదు. మన పిల్ల అడిగింది. ఎవరో రాశారు కదా అని తల ఊపకుండా, ఇట్లా అడగడమే చదువు.

ఏది ముందు, ఏది తరవాత

ఆలిస్ పేరు పెద్దది కదా అని చాలామంది దాంతోనే మొదలుపెడతారు. నా సలహా, దాన్ని చివరికి ఉంచండి. ఆలిస్ పాడే పద్యాలు చాలావరకు ఆ కాలం బడిపిల్లలు బట్టీ పట్టిన పద్యాలకు వెక్కిరింపులు. అసలు పద్యం తెలియకపోతే వెక్కిరింపు అర్థం కాదు. మన పిల్లలు వేమన పద్యాన్ని మార్చి పాడి నవ్వుకుంటే, వేమన తెలియనివాడికి ఏం నవ్వొస్తుంది? ఇదీ అంతే.

ముందుగా ఈడిత్ నెస్‌బిట్ రాసిన 'ది రైల్వే చిల్డ్రన్' చదవండి. 1906 నాటిది. ఒక రాత్రి తండ్రిని ఎవరో వచ్చి తీసుకుపోతారు. ఎందుకో పిల్లలకు తెలియదు. తల్లి ముగ్గురు పిల్లలతో పల్లెకు పోయి, కథలు రాసి అమ్మి ఇల్లు నడుపుతుంది. ఒకరోజు రైల్వే స్టేషనులో ఒక పరదేశి దిగుతాడు. రష్యావాడు. అతని మాట ఎవరికీ అర్థం కాదు. చుట్టూ జనం, మధ్యలో అతను వణుకుతూ ఉంటాడు. ఆ పిల్లల తల్లి వచ్చి ఫ్రెంచిలో మాట్లాడాక అతని ప్రాణం కుదుటపడుతుంది. మన ఊరికి పనికోసం వచ్చిన కుటుంబాల పిల్లలు, మన ఏ భాషా రానివాళ్ళు, బడి గేటు దగ్గర నిలబడినప్పుడు ఆ ఘట్టమే నాకు గుర్తొస్తుంది. తెలియని మాటల మధ్య నిలబడడం ఎట్లా ఉంటుందో మనకన్నా బాగా ఎవరికి తెలుసు?

ఇంట్లో ఏం చేయాలి?

మొదట కథను తెలుగులో వినండి, లేదా చదవండి. ఆ తరవాత ఇంగ్లీషులో రోజుకు రెండు పేజీలు చాలు. ప్రతి మాటకూ డిక్షనరీ చూడొద్దు. ఒకే మాట మూడుసార్లు ఎదురైతే అప్పుడు చూడండి. చదివిన రెండు పేజీలనూ ఆ రాత్రే ఇంట్లోవాళ్ళకు మన తెలుగులో చెప్పండి. ఇక్కడ పేర్కొన్న ఇంగ్లీషు పుస్తకాలన్నీ పాతవి కాబట్టి ప్రాజెక్ట్ గూటెన్‌బర్గ్ అనే చోట ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. కొనలేకపోయామన్న దిగులు అక్కరలేదు.

తల్లిదండ్రులకు, ముఖ్యంగా "మాకు చదువు రాదు సార్" అనేవారికి ఒక మాట. మీరు ఇంగ్లీషు చెప్పనక్కరలేదు. పిల్ల కథ చెబుతూ ఉంటే "తరవాత ఏమాయె?" అని అడగండి. చాలు. ఆలిస్ చేసింది కూడా అదే కదా.

చివరగా ఒక ప్రకటన. ఇకమీదట ప్రతి శనివారం ఆఖరి పీరియడు మన గ్రంథాలయంలో కథల గంట. ఒక వారం ఇంగ్లీషు పుస్తకంలోని కథను నేను తెలుగులో చెబుతాను. మరుసటి వారం మీ ఇళ్ళ నుంచి ఎవరైనా వచ్చి కథ చెప్పాలి. అవ్వలు, తాతలు వస్తే మరీ సంతోషం. రాసుకుని రానక్కరలేదు. పుస్తకాల తెలుగూ అక్కరలేదు. మీరు ఇంట్లో ఎట్లా చెబుతారో అట్లాగే చెప్పండి. ఎవరూ నవ్వరు. ఆ బాధ్యత నాది.

ఆరో తరగతి పాప వాళ్ళమ్మా, మీ ప్రశ్నకు ఇదీ నా జవాబు. వస్తుందమ్మా. మీరు ఇంట్లో కథ చెబుతూ ఉంటే ఇంకా బిన్నా వస్తుంది. మొదటి శనివారం మీరే రండి.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయుడు